కంపెనీ లినక్సా? పదిమంది లినక్సా?

మా డిపార్ట్‌మెంటు కంప్యూటరు ల్యాబులో ముప్ఫై మెషీన్లున్నాయి. వాటిలో పనిచేసేవి ఇరవై ఆరు. ఈ ఇరవై ఆరింటికీ 2025 అక్టోబరు 14న ఒకేసారి ముసలితనం వచ్చింది. ఆ రోజుతో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే ఏర్పాటు కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం ఎనిమిదో తరానిదై ఉండాలి. మావి నాలుగో తరానివి. కాడి కింద నిక్షేపంగా నడుస్తున్న ఎద్దుకు పళ్లు లెక్కపెట్టి, దీన్ని సంతకు తోలెయ్యమన్నట్టుంది వ్యవహారం.

కొత్త మెషీన్లకు డబ్బు లేదు. కాబట్టి లినక్స్ వేద్దామన్నంతవరకు అధ్యాపకులకూ మాకూ అభిప్రాయభేదం లేదు. ఏ లినక్స్ వెయ్యాలన్న దగ్గర మాత్రం చర్చ మొదలై, ఈ వ్యాసం రాసేనాటికి కూడా తెగలేదు. ఆ చర్చలో నా పక్షం ఏమిటో యూనియన్ వారి సావనీరు ముఖంగా మనవి చేసుకుంటున్నాను. వయసులో చిన్నవాణ్ణి, అనుభవంలో ఇంకా చిన్నవాణ్ణి. అయినా ల్యాబులో కూర్చోబోయేది మేమే కదా.

తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. 1991లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు రాసింది కెర్నెల్ ఒక్కటే. అంటే ఇంజను. అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు, ఇంకెక్కడెక్కడో తయారైన డెస్క్‌టాపు, బ్రౌజరు, ఆఫీసు సాఫ్ట్‌వేరు, వీటన్నిటినీ ఏరి, ఒకదానితో ఒకటి పొసగేలా బిగించి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. మా హాస్టలు భాషలో డిస్ట్రో.

ఈ బిగించే పని ఎవరిదన్నదాన్నిబట్టి రెండు తెగలు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, సూసే వారిది, కెనానికల్ వారి ఉబుంటు, వీటి వెనక కంపెనీ ఉంది, జీతగాళ్లున్నారు, డబ్బు కడితే ఫోనెత్తే మనిషి ఉన్నాడు. డెబియన్, ఆర్చ్, మేజియా లాంటివాటి వెనక ఉన్నది స్వచ్ఛందంగా పనిచేసే పదిమంది. ఫెడోరా ఈ రెంటి మధ్య గట్టు మీద నిలబడి ఉంటుంది. పనిచేసేవాళ్లలో వాలంటీర్లు చాలామంది, అండ మాత్రం రెడ్‌హ్యాట్‌ది.

మా సారు ఒకరు కంపెనీ పక్షం. "చెడిపోతే ఎవరినడగాలయ్యా? ఒక పేరుండాలి, ఒక ఫోన్ నంబరుండాలి. అందరూ చేశారంటే ఎవరూ జవాబు చెప్పరని అర్థం" అన్నారాయన. ఈ మాటను నేను తేలిగ్గా తీసెయ్యను. రెడ్‌హ్యాట్ వారు ఒక వెర్షన్‌కు పదేళ్లు సవరణలిస్తారు. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకొకసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్లు నడుస్తుంది. ఏ సాఫ్ట్‌వేరు తెచ్చుకున్నా దాని సూచనలు సాధారణంగా ఉబుంటు పేరు మీదో రెడ్‌హ్యాట్ పేరు మీదో రాసి ఉంటాయి. బ్యాంకు నడిపేవాడో ఆసుపత్రి నడిపేవాడో డబ్బు కట్టి ఆ అండ కొనుక్కుంటే అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు.

కానీ ఆ ఫోన్ నంబరు మనకిస్తారా? ఇవ్వరు. మనం డబ్బు కట్టం గనుక. రెడ్‌హ్యాట్ వారు 2021 నుంచి ఒక్కో వ్యక్తికి 16 మెషీన్లదాకా ఉచితంగా వాడుకోనిస్తున్నారు. అది వ్యక్తికే గాని కాలేజీ ల్యాబుకు కాదు, పైగా చెడితే ఎవరి బాగు వాళ్లే చేసుకోవాలి. ఉబుంటు ప్రో వ్యక్తిగతంగా ఐదు మెషీన్లదాకా ఉచితం. మావి ఇరవై ఆరు. మామూలు ఉబుంటు ఎన్నిట్లోనైనా వేసుకోవచ్చు, నిజమే, కాని దానితో ఫోనెత్తే మనిషి రాడు. కాబట్టి మనకందేది కంపెనీ మద్దతు కాదు, కంపెనీ కయ్యలో నీళ్లు పారుతుంటే గట్టు దిగి పక్క కయ్యలోకి ఊరిన తేమ. దానితోనూ పైరు పండుతుంది, కాదనను. అయితే పై కయ్య వాడు పంట మార్చినరోజు మనల్ని అడిగి మార్చడు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఈ గొడవంతా మా నాయనకు చెప్పాను. నాయన చదువుకున్నది ఐదో తరగతి. శెనక్కాయ వొలుస్తూ అంతా విని, "ఊరికే ఇచ్చేవాడు రేపు ఇయ్యనంటే ఏ మొగం పెట్టుకోని అడుగుతావురా?" అన్నాడు. నేను గంటసేపు చెప్పిందానికి ఆయనకు పట్టింది ఒక్క మాట.

ఇది ఊహ కాదు, జరిగిన కథే. రెడ్‌హ్యాట్ సోర్స్ కోడ్ తీసుకుని, కంపెనీ గుర్తులు తీసేసి, అచ్చం అలాంటిదే తయారుచేసి ఉచితంగా ఇచ్చే సెంటాస్ అనే డిస్ట్రో 2004లో పుట్టింది. పుట్టించింది వాలంటీర్లు. 2014లో రెడ్‌హ్యాట్ దాన్ని తన ఇంట్లో చేర్చుకుంది. డబ్బులేని కాలేజీలకూ చిన్న సంస్థలకూ అది కల్పవృక్షం. 2019 సెప్టెంబరులో సెంటాస్ 8 వచ్చింది, 2029దాకా నడుస్తుందని అందరూ నమ్మి వేసుకున్నారు. అదే ఏడు జూలైలో రెడ్‌హ్యాట్‌ను ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది: సెంటాస్ 8 ఆయుష్షు 2021 డిసెంబరు 31తో సరి. ఎనిమిదేళ్లు ఒక్క కాగితంతో కోసేశారు. ఐబీఎం కొన్నందువల్లనే జరిగిందని నేననను. కొన్నా కొనకపోయినా, వాడుకునేవాళ్లకు ఆ నిర్ణయంలో వోటు లేదన్నదే నేను చెప్పేది.

ఫిజిక్సు విద్యార్థిగా నన్ను ఎక్కువ బాధపెట్టిన ముక్క ఇంకొకటుంది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్, ఐరోపాలోని సెర్న్ కణభౌతిక పరిశోధనల కోసం 2004 నుంచి సైంటిఫిక్ లినక్స్ అని సొంత డిస్ట్రో నడుపుకున్నాయి. అదీ రెడ్‌హ్యాట్ కోడ్ మీద కట్టుకున్నదే. 2019 ఏప్రిల్‌లో ఫెర్మీల్యాబ్ వారు ఇక దీని ఎనిమిదో వెర్షన్ చెయ్యం, సెంటాస్ 8కు మారతామని ప్రకటించారు. ఇరవై నెలలు తిరక్కముందే సెంటాస్ 8 పని అయిపోయింది. చివరికి 2022 డిసెంబరులో ఆ రెండు సంస్థలూ కలిసి, సెంటాస్ పోయాక పుట్టుకొచ్చిన ఆల్మాలినక్స్‌ను సిఫారసు చేశాయి. హిగ్స్ కణాన్ని పట్టుకున్నవాళ్లకే ఈ గతి పడితే, ఇరవై ఆరు పాత మెషీన్ల మనమెంత?

2023 జూన్‌లో మరో మెలిక. అంతవరకు రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ సోర్స్ కోడ్ బయట ఎవరికైనా దొరికేది. ఇకమీదట చందాదార్లకే ఇస్తామన్నారు. చందాదారుడు దాన్ని పదిమందికీ పంచితే చందా రద్దుచేసుకునే వీలు ఒప్పందంలో ఉంచుకున్నారు. ఇది రైతు బిడ్డకు వెంటనే అర్థమయ్యే సంగతి. మేము వేసే కదిరి-6 వేరుశనగలో మంచి కాయ ఏరి దాచుకుంటే మరుసటి ఏడు అదే విత్తనం. పక్కింటివాళ్లకు ఒక మూట బదులిస్తే వాళ్లదీ అదే విత్తనం. హైబ్రిడ్ మొక్కజొన్న అలా కాదు, దాచి వేస్తే పైరు ఒక తీరుగా రాదు, దిగుబడి పడిపోతుంది, ఏటేటా అంగడికి పోవాల్సిందే. లినక్స్ కెర్నెల్‌కున్న జీపీఎల్ లైసెన్సు శెనక్కాయ ధర్మం చెబుతుంది. తీసుకో, వాడుకో, మార్చుకో, పంచు. కంపెనీ చేసిందేమంటే, కాయ నీదే, పంచుకునే హక్కూ నీదే, పంచితే మాత్రం వచ్చే ఏడు మా గుమ్మం తొక్కవద్దంది. లైసెన్సులో అక్షరం ఎక్కడా చెడలేదని వాళ్ల వాదన. అక్షరం చెడలేదేమో.

ఇంతా రాసి కంపెనీలను ఊరికే తిట్టిపోస్తే అది కృతఘ్నత అవుతుంది. నా పాత ల్యాప్‌టాపులో డెబియన్ నడుస్తుంది. అందులో వైఫై కలిపే నెట్‌వర్క్ మేనేజరు 2004లో రెడ్‌హ్యాట్ మొదలుపెట్టింది. పాటలు వినిపించే పైప్‌వైర్ రెడ్‌హ్యాట్ ఉద్యోగి విమ్ టైమన్స్ రాసింది. కెర్నెల్‌లో ఇవాళ చేరుతున్న కోడ్‌లో పెద్ద వాటా కంపెనీల జీతగాళ్లదే. తెర మీద నేను తెలుగు చదివే లోహిత్ ఫాంటు సైతం రెడ్‌హ్యాట్ చొరవతో అందరికీ అందింది. పదిమంది లినక్స్ అని మనం గర్వంగా చెప్పుకునేదాంట్లో కంపెనీ చెమట కలవని మూల లేదు. అటువైపూ అంతే. ఉబుంటు మొత్తం డెబియన్ పునాది మీద లేచిన ఇల్లు. 2004లో మార్క్ షటిల్‌వర్త్ డబ్బు పెట్టకముందే పదకొండేళ్లుగా ఆ పునాది వేసినవాళ్లలో చాలామంది జీతం లేకుండానే వేశారు.

పోనీ పదిమంది పక్షమంతా పాలకడలా అంటే, అదీ కాదు. నా సొంత కథే చెబుతాను. సెకండియర్‌లో హుషారు ఎక్కువై, రోజూ కొత్త వెర్షన్లు వచ్చిపడే రకం డిస్ట్రో ఒకటి వేసుకున్నాను. దాని పేరు ఇక్కడెందుకు? ప్రాక్టికల్ రికార్డు ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి పదకొండింటికి అప్‌డేట్ నొక్కాను. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, మూలన మిణుకుమనే గీత. పక్క గది అన్న లేచి వచ్చి, రెండింటిదాకా కూర్చుని గ్రాఫిక్స్ డ్రైవరు సరిచేశాడు. తీరా చూస్తే, ఈ అప్‌డేట్‌కు ముందు ఫలానా పని చెయ్యండని వాళ్లు ముందే ప్రకటించి ఉన్నారు. చదవనిది నేను. కాని అది రోజూ చదివే తీరిక ఎంతమందికుంటుంది? ఇంగ్లీషులో ఉన్నది చదివి అర్థం చేసుకోగల ధైర్యం ఫస్టియర్‌లో ఎంతమందికుంటుంది?

ఒకరిద్దరి భుజాల మీద నడిచే డిస్ట్రోలైతే మరీ గాలివాటం. ఆంటెర్గోస్ అని బాగా పేరొచ్చినదాన్ని 2019లో దాని తయారీదార్లు తీరిక లేక మూసేశారు. 2024 మార్చిలో జరిగిందైతే ఇంకా భయంకరం. ఎక్స్‌జడ్ అనే చిన్న సాధనం దాదాపు అన్ని లినక్సుల్లో ఉంటుంది. ఏళ్లతరబడి దాని బరువు మోసింది ఫిన్లండుకు చెందిన లాస్సే కోలిన్ ఒక్కడు, ఊరికే. జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్లకు పైగా సాయం చేసి నమ్మకం సంపాదించి, చివరికి దాంట్లో దొంగదారి పెట్టాడు. డెబియన్ పరీక్షా వెర్షన్లలోకీ, రెడ్‌హ్యాట్ అండ ఉన్న ఫెడోరా పరీక్షా వెర్షన్లలోకీ కూడా అది చేరిపోయింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మెషీన్‌లో లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమెందుకవుతోందని తవ్వితే బయటపడింది. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. పరీక్షిస్తున్నది డెబియన్ మీద. ఎవరిని కంపెనీ మనిషి అనాలో, ఎవరిని పదిమందిలో మనిషి అనాలో ఇక్కడ నాకు తెలియలేదు.

మా ఊళ్లో చెరువుంది. మా తాత రోజుల్లో దానికి నీరుగంటి ఉండేవాడు, ఏ కయ్యకు ఎంతసేపు నీళ్లో అతనే చూసేవాడు, పంటలో అతనికి వాటా. వేసవిలో ఇంటికొకరు పోయి పూడిక తీసేవాళ్లట. తర్వాత బోర్లొచ్చాయి. ఎవరి మోటారు వాళ్లదైంది. చెరువు అందరిదీ కదా అని ఎవరూ పట్టించుకోలేదు, తుమ్మచెట్లు లేచాయి, తూము పూడింది. ఆ తర్వాత బోర్లూ ఎండాయి. మేము నాలుగు వేయించాం, మూడు పొడి. అంచేత పదిమందిదంటే పదిలమని నేను కళ్లు మూసుకుని నమ్మను. నీరుగంటి లేని చెరువు ఎట్లుంటుందో చూసినవాణ్ణి.

మరి డెబియన్ వైపు ఎందుకు మొగ్గుతున్నానంటే, దానికి నీరుగంటి ఉన్నాడు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు రాసిపెట్టుకున్న రాజ్యాంగముంది. 1997లో వాడుకునేవాళ్లకు రాసిచ్చిన సామాజిక ఒప్పందముంది. నాయకుణ్ణి ఏడాదికొకసారి వోటుతో ఎన్నుకుంటారు, వోటర్లు వెయ్యిమందిదాకా ఉన్న డెవలపర్లు. ఒక కంపెనీ వచ్చి దీన్ని కొంటానంటే కొనడానికి అక్కడ యజమాని లేడు. (మన యూనియన్ ఎన్నికల కన్నా వాళ్ల వోటింగు పద్ధతి నయం, అభ్యర్థులకు వరస ఇవ్వవచ్చు. అది వేరే సంగతి.) పోట్లాటలు లేవా అంటే బోలెడున్నాయి. 2014లో సిస్టమ్‌డీ మీద ఇల్లు రెండుగా చీలి, ఓడినవాళ్లు దేవువాన్ అని వేరుకాపురం పెట్టుకున్నారు. పెట్టుకోగలిగారు. విత్తనం వాళ్ల చేతిలోనూ ఉంది గనుక.

ఇంకో ఉదాహరణ మా ల్యాబుకు నేరుగా తగులుతుంది. పూర్వం డెబియన్ వేస్తే చాలా ల్యాప్‌టాపుల్లో వైఫై పలికేది కాదు, కంపెనీలు కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేరును వాళ్లు నియమం కొద్దీ పక్కన పెట్టేవాళ్లు. కొత్తవాడు అక్కడే హడలిపోయి పారిపోయేవాడు. 2022లో ఈ విషయం మీద వోటు పెట్టి, నియమాన్ని సడలించి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని ఇన్‌స్టాలరులోనే చేర్చారు. కొత్తవాడి ఇబ్బంది వోటుకు వచ్చి తీరింది. డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చింది, అన్నీ కలిపి ఐదేళ్లు సవరణలుంటాయి. దీర్ఘకాలం ఇచ్చే ఆ చివరి రెండేళ్ల సవరణలకు డబ్బిచ్చేది కూడా కంపెనీలేనన్నది ఒప్పుకోవాలి. ప్యాకేజీలు పాతవన్న విమర్శా నిజమే. మాకు కావలసింది సీ, పైథాన్, లిబ్రెఆఫీసు, ఆక్టేవ్. వాటిలో నిన్నటి వెర్షన్ కావాలని ఏ సిలబసులోనూ లేదు. లిబ్రెఆఫీసు అంటే గుర్తొచ్చింది, 2023లో రెడ్‌హ్యాట్ దాన్ని తన ముందు వెర్షన్లలో ఇవ్వబోమంది. వ్యాపారానికి డెస్క్‌టాపు ముఖ్యం కాదు, సర్వర్లు ముఖ్యం. ఫెడోరాలో ఆ బరువు మళ్లీ వాలంటీర్లే ఎత్తుకున్నారు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఇరవై నాలుగు మెషీన్లలో డెబియన్ స్టేబుల్. మిగిలిన రెంటిలో ఒకదాంట్లో ఉబుంటు ఎల్‌టీఎస్, ఒకదాంట్లో ఆల్మా. ప్రాజెక్టుకు ఫలానా సాఫ్ట్‌వేరే కావాలనేవాళ్లకూ, ఉద్యోగంలో రెడ్‌హ్యాట్ ఎదురవుతుందనేవాళ్లకూ అవి. సొంత ల్యాప్‌టాపుల ఫస్టియర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మాత్రం మింట్ చెబుతాను, విండోస్ అలవాటున్న చేతికి అది తొందరగా పడుతుంది. మింట్ ఉబుంటు మీద కట్టిందే. అయినా ఉబుంటు ఎప్పుడైనా లేకుండా పోతే ఎట్లా అని, నేరుగా డెబియన్ మీద కట్టిన మరో రకం కూడా వాళ్లు పక్కన నడుపుతున్నారు. అది చూశాక వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

సారు అడిగిన ప్రశ్న అలాగే ఉంది. చెడిపోతే ఎవరినడగాలి? మమ్మల్ని. వారానికి ఇద్దరు విద్యార్థులు ల్యాబు డ్యూటీ చెయ్యాలని, వచ్చిన ప్రతి తంటా ఒక రిజిస్టరులో రాయాలని, మాకు తెగనిది డెబియన్ వాళ్లకు బగ్ రిపోర్టుగా పంపాలని యూనియన్ సమావేశంలో అడిగాను. పదిహేనుమంది చేతులెత్తారు. డ్యూటీ పట్టిక అంటించిన రోజు దాని మీద ఏడు పేర్లే ఉన్నాయి. ఏడుగురితో ఇరవై నాలుగు మెషీన్లు నడుస్తాయా అని సారు నవ్వారు. నడపాలంటే మరో ఏడుగురు కావాలి. ఆడపిల్లల హాస్టలు నుంచి ఇద్దరు వస్తామన్నారు, సాయంత్రం ఆరుకే గేటు వేస్తారు గనుక వాళ్ల డ్యూటీ మధ్యాహ్నానికి మార్చాలి. ఇది వార్డెను గారు ఆలోచించవలసిన విషయం.

ఈలోగా కిటికీ పక్కనున్న పదకొండో నంబరు మెషీన్‌లో సారు అనుమతితో డెబియన్ వేశాం. పోతన, వేమన ఫాంట్లు పెట్టాం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు వాటిని చేసి ఉచితంగా అందరికీ ఇచ్చారు, డెబియన్‌లో ఒక్క ఆదేశంతో దిగుతాయి. తెలుగు మెనూలు చదువుతుంటే కొన్ని మాటలు నవ్వు తెప్పిస్తున్నాయి, కొన్ని ఇంగ్లీషులోనే మిగిలిపోయాయి. అవి అనువదించాల్సినవాళ్లూ మనలాంటివాళ్లే. మా తెలుగు శాఖ మిత్రులు ఇద్దరు ఒక నోటుబుక్కులో మంచి మాటలు రాయడం మొదలుపెట్టారు, నలభైదాకా అయ్యాయి.

శనివారాలు మధ్యాహ్నం మూడు తర్వాత నేను ఆ మెషీన్ దగ్గరే ఉంటాను. ల్యాప్‌టాపు తెచ్చేవాళ్లు ముందు తమ ఫైళ్లు వేరేచోట దాచుకుని రావాలి. పెన్‌డ్రైవు 8 జీబీది చాలు.